అందరూ మెటల్ గేరే వేయమంటారు, ఎలివేటర్‌కు మాత్రం వద్దు: మూడు రకాల 9 గ్రాముల సర్వోలు

చిన్న రిమోట్ ఫోమ్ విమానం కడుతున్నా, ఏ సర్వో (రెక్కల, తోక పలకలను తిప్పే చిన్న మోటారు పెట్టె) వేయాలని ఎవరడిగినా వచ్చే జవాబు ఒక్కటే: "మెటల్ గేర్ వెయ్, ప్లాస్టిక్‌ది పళ్ళు పోతయ్." పళ్ళు పోయే మాట నిజమే. కానీ చవక మెటల్ గేర్ సర్వోలో చివరికి మిగిలేవి ఆ పళ్ళే, మిగతాదంతా ముందే పోతుంది. ఆ మాట ఎవరూ చెప్పరు. గాల్లో ఉన్నప్పుడు సర్వో చేయాల్సిన అసలు పని, రిమోట్ మీది స్టిక్ వదలగానే సరిగ్గా నడిమికి వచ్చి నిలబడటం. మనకు దొరికే చవక మెటల్ గేర్ సర్వోలు ఈ ఒక్క పనిలోనే మొండికేస్తాయి. ఈ సమీక్ష చాలావరకు ఆ కోపం మీద రాసిందే.

పోల్చింది మూడింటిని. ఒకటి నీలం రంగు పారదర్శక పైపెంకుతో వచ్చే ప్లాస్టిక్ గేర్ సర్వో, టవర్‌ప్రో ఎస్‌జీ90 తరహాది. రెండోది ఎంజీ90ఎస్ తరహా మెటల్ గేర్‌ది, ఇంచుమించు అదే కొలత. ఈ రెండింట్లో అసలేదో నకలేదో స్టిక్కర్ చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కనుక ఇక్కడ రాసిందంతా తయారీదారు పేరు లేకుండా పలచని కవర్లో వచ్చే నకళ్ళ గురించే, అసలు కంపెనీ సరుకు గురించి కాదు. మూడోది ఈమాక్స్ ఈఎస్08ఎంఏ టూ, అదీ మెటల్ గేరే. టార్కు (తిప్పే బలం), వేగం, బరువు అంకెలు అందరికీ కంఠతా వచ్చినవే, అవసరం పడ్డ చోట తప్ప ఎత్తను.

విమానం సంగతి రెండు ముక్కల్లో: మీటరు రెక్క, బయోఫోమ్ బాడీ, మూడు సెల్లుల లిపో బ్యాటరీతో కలిపి 700 గ్రాముల లోపు. రెక్కల్లో ఐలెరాన్లకు (రెక్క వెనక అంచున కదిలే పలకలు) రెండు సర్వోలు, ఎలివేటర్‌కు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఒకటి, రడ్డర్‌కూ (నిలువు తోక పలక) ముందు చక్రానికీ కలిపి ఒకటి. ఎగరేసేది హన్మకొండ బయట, వరి కోతలయ్యాక ఖాళీ అయిన మళ్ళల్లో, ఎర్ర చెల్కల్లో. మామునూరు పాత రన్‌వే చూసి చాలామందికి నోరూరుతుంది గానీ అది విమానాశ్రయం జాగా, అటు పోవద్దు. పొలంలో మనకు దొరికేది దుమ్ము, వరి కొయ్యలు, మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ. తారు రోడ్డు మీద దింపేవాళ్ళకు ఇందులో సగం వర్తించదు.

నడిమి నిలుస్తుందో లేదో కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. సర్వో ఆర్మ్‌కు (ఇరుసు మీద తిరిగే చెయ్యి) ఒక చీపురుపుల్ల దారంతో కట్టి ఒక చుక్క ఫెవిక్విక్ వేయండి, ఆర్మ్ స్క్రూ నుంచి పుల్ల కొస దాకా సరిగ్గా 10 సెంటీమీటర్లు ఉండాలి. సర్వోను గ్రాఫ్ కాగితం మీద డబల్ టేపుతో అంటించి సర్వో టెస్టర్‌కు తగిలించండి, మూడు మోడ్‌లుండే చవకది చాలు. చేత్తో తిప్పే మోడ్‌లో నాబ్‌ను కుడి కొసకు తిప్పి, బటన్ నొక్కి న్యూట్రల్‌కు వస్తే పుల్ల 1500 మైక్రోసెకన్ల, అంటే నడిమి సిగ్నల్ దగ్గర ఆగుతుంది, అక్కడ పెన్సిల్ గీత పెట్టండి. బటన్ నొక్కుతూ ఆటో దాటి మళ్ళీ చేతి మోడ్‌కు వచ్చి, ఈసారి ఎడమ కొస నుంచి అదే పని చేసి ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరమే సెంటరింగ్ తప్పు. తర్వాత కరెంటు ఉండగానే పుల్ల కొసను వేలితో మెల్లగా అటూ ఇటూ కదిపితే, సర్వో ఎదురు తన్నేలోపు కదిలినంతా గేర్ల వదులు. 10 సెంటీమీటర్ల పుల్ల మీద ఒక డిగ్రీ అంటే 1.75 మిల్లీమీటర్లు, ఆ లెక్కన డిగ్రీల్లోకి మార్చుకోవచ్చు.

కొత్త నీలం సర్వోలు రెండు పరీక్షల్లోనూ ఒకటిన్నర మిల్లీమీటర్ దగ్గరే ఆగాయి. మెటల్ గేర్‌వి కవరు చింపిన రోజే మూడు మిల్లీమీటర్ల వదులు చూపించాయి, అంటే 1.7 డిగ్రీలు. కొన్ని ఇంకా ఎక్కువ. ఈమాక్స్‌ది మధ్యస్తం, నీలం వైపు మొగ్గు.

ఆ 1.7 డిగ్రీలు తోక దగ్గర ఏమవుతాయో చూడండి. పుష్‌రాడ్ (సర్వోను పలకకు కలిపే తీగ) సర్వో ఆర్మ్ మీద 8 మిల్లీమీటర్ల రంధ్రంలో, ఎలివేటర్ హార్న్ (పలకకు అంటించిన చిన్న కొమ్ము) మీద 14 మిల్లీమీటర్ల రంధ్రంలో ఉంటే ఎలివేటర్ సుమారు ఒక డిగ్రీ అటూ ఇటూ ఊగుతుంది. పైకి లాగి వదిలితే విమానం ఇంకా కాస్త ముక్కెత్తుకునే పోతుంది, కిందికి నెట్టి వదిలితే కాస్త ముక్కు దించుకునే పోతుంది. ట్రిమ్ (రిమోట్ మీద నడిమిని సర్దే బటన్) ఎటు నొక్కినా తప్పు రెండో వైపు తేలుతుంది. చాలామంది దీన్ని సీజీ (బరువు కేంద్రం) తప్పనుకుని ఫ్లయిట్ ఫ్లయిట్‌కూ బ్యాటరీ ముందుకూ వెనక్కీ జరుపుతుంటారు. తేడా పట్టుకోవడం తేలికే: ట్రిమ్ సరిపోకపోతే విమానం ఎప్పుడూ ఒకే వైపు పోతుంది, సెంటరింగ్ తప్పైతే చివరిసారి స్టిక్ ఎటు కదిపారో అటే పోతుంది. రెండు వైపులా పోతుంటే బ్యాటరీ ముట్టుకోకండి.

విచిత్రమేమిటంటే, కాగితం మీద ఇదంతా తలకిందులుగా ఉంటుంది. ఎస్‌జీ90కి రాసే డెడ్‌బ్యాండ్ (సర్వో పట్టించుకోని సిగ్నల్ తేడా) 10 మైక్రోసెకన్లు, ఎంజీ90ఎస్‌కి 5. తక్కువున్నదే మెరుగని కొంటాం. వెయ్యి మైక్రోసెకన్ల తేడాకు ఆర్మ్ సుమారు 90 డిగ్రీలు తిరుగుతుంది కనుక 10 అంటే 0.9 డిగ్రీ, 5 అంటే అర డిగ్రీకి లోపే. కానీ ఆ అంకె లోపలి బోర్డు సంగతి మాత్రమే చెబుతుంది, గేర్ల వదులు అందులో కలవదు. పాట్ (తిరిగిన కోణం కొలిచే పొటెన్షియోమీటర్) ఉండేది చివరి గేరు ఇరుసు మీద. బోర్డేమో అర డిగ్రీ తప్పినా ఊరుకోనంటుంది, మోటారుకూ చివరి గేరుకూ మధ్య ఒకటిన్నర డిగ్రీ ఖాళీ ఉంటుంది. గాలి ఎలివేటర్‌ను కాస్త నెట్టగానే పాట్ తప్పు చూపిస్తుంది, మోటారు కదులుతుంది, ఖాళీ దాటేదాకా గేరు కదలదు, దాటాక ఒక్క తన్ను తన్ని అవతలి వైపు పోతుంది, మళ్ళీ వెనక్కి. స్టిక్ ముట్టుకోకపోయినా సర్వో దోమలా గుంయ్‌మంటూ ఉండటానికి కారణం ఇదే. నీలం సర్వోలో వదులు తక్కువ, పట్టింపూ తక్కువ కనుక ఆ లాగులాట మొదలే కాదు. పనితనం లేని గేర్ల మీద పట్టింపున్న బోర్డు కూర్చోబెడితే ఇట్లనే ఉంటుంది.

ఈ గుంయ్ శబ్దం మొదట్లో చికాకే తప్ప ప్రమాదం కాదు. అసలు దెబ్బ నెమ్మదిగా వస్తుంది. ఎలివేటర్ మీద వేసిన మెటల్ గేర్ సర్వో వానకాలం కోతల తర్వాతి సీజన్ బానే లాగింది, యాసంగి కోతల నాటికి వణుకు మొదలైంది. చప్పుడుతో పాటు ఎలివేటర్ అంచు కంటికి కనబడేలా ఒణుకుతుంది, అదీ నడిమి దగ్గరే. స్టిక్ సగం లాగి పట్టుకుంటే రాయిలా నిలబడుతుంది, వదిలితే మళ్ళీ ఒణుకు. ఆ గుర్తే సగం జబ్బు చెబుతుంది గానీ, సర్వోను తప్పుపట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు సర్వో వైరును రిసీవర్‌లో వేరే చానెల్‌కు మార్చాలి. ఒణుకు సర్వోతో పాటు వస్తే రిసీవర్, ట్రాన్స్‌మిటర్ రెండూ నిర్దోషులు. తర్వాత ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి నేరుగా తగిలించి చూడాలి, పిన్నులు వదులైన ఎక్స్‌టెన్షన్ అచ్చం ఇట్లనే ఏడిపిస్తుంది. ఆ తర్వాత ఖాళీ చానెల్‌లో మల్టీమీటర్ పెట్టి అన్ని స్టిక్కులూ కలిపి తిప్పుతూ వోల్టేజీ చూడాలి, 4.8 కిందికి జారుతుంటే జబ్బు సర్వోది కాదు, బీఈసీది (రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటిచ్చే భాగం). ఇవన్నీ దాటాక సర్వో ఒక్కదాన్నే టెస్టర్ మీద పెట్టి నాబ్‌ను చాలా నెమ్మదిగా తిప్పాలి. నడిమికి అటూ ఇటూ కొద్ది మేర మాత్రమే పుల్ల చిందులేసి, మిగతా తావంతా సాఫీగా తిరిగితే పాట్ అరిగినట్టే.

విప్పితే లోపల కథ స్పష్టంగానే ఉంది. అడుగున నాలుగు పొడవు స్క్రూలు తీసి పైమూత లేపగానే గ్రీజు ఉండాల్సిన చోట నల్లటి పేస్టు. ఇత్తడి పళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని రాలిన పొడి, చెల్క దుమ్ము, గ్రీజు కలిసి సానరాయి పనిచేశాయి. అరుగుదల పెరిగితే వదులు పెరుగుతుంది, వదులు పెరిగితే లాగులాట పెరుగుతుంది, అది మళ్ళీ అరుగుదల. పళ్ళు ఒక్కటీ విరగలేదు, అందుకే పైనుంచి చూస్తే సర్వో గట్టిగానే ఉందనిపిస్తుంది. పాట్ ఇరుసు మాత్రం ప్లాస్టిక్‌ది, దానికి ఒక పక్క చదును ఉంటుంది, అది చివరి గేరు అడుగున రంధ్రంలో కూర్చుంటుంది. గేరు ఇత్తడి, ఇరుసు ప్లాస్టిక్. నెలల తరబడి అటూ ఇటూ తన్నులాటలో ఇత్తడి అంచు ఆ చదునును గుండ్రంగా నమిలేసింది. ఇప్పుడు పాట్ చెప్పే నడిమి వేరు, ఆర్మ్ నిలబడ్డ నడిమి వేరు. దీనికి సబ్‌ట్రిమ్ (రిమోట్ లోపలి నడిమి సర్దుబాటు) మందు కాదు. తప్పు ఒక అంకె దగ్గర ఆగదు, తావు మారుస్తూ ఉంటుంది.

పాట్ లోపలి నల్ల పట్టీ కూడా నడిమి దగ్గరే అరుగుతుంది, ఎందుకంటే విమానం సర్వో బతుకంతా గడిపేది అక్కడే. కాంటాక్ట్ క్లీనర్ పాట్ సందులో ఒక్క చిమ్ము చిమ్మి, ఆర్మ్ కొస నుంచి కొసకు కొన్నిసార్లు తిప్పి, ఆరనిస్తే వణుకు తగ్గుతుంది. కొన్ని ఫ్లయిట్ల తర్వాత మళ్ళీ వస్తుంది, ఎందుకంటే పోయింది మురికి కాదు, పట్టీనే. తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం కొట్టొద్దు, వాటి నూనె పొర పట్టీ మీద నిలిచి దుమ్మును అంటించుకుంటుంది. ఇంత చేసి ఇంకో సీజన్ లాగొచ్చు గానీ ఎలివేటర్ మీద మాత్రం కాదు. ఐలెరాన్ సర్వో ఒకటి చచ్చినా రెండోదానితో, రడ్డర్‌తో దింపుకోవచ్చు. ఎలివేటర్ పోతే ఇక థ్రాటిల్ ఒక్కటే మిగులుతుంది.

దాని స్థానంలో నీలం సర్వో వేసింది వేరే ఏదీ చేతిలో లేకనే, తాత్కాలికంగా. అది అక్కడే ఉండిపోయింది. ట్రిమ్ ఒకసారి పెట్టాక అట్లనే నిలిచింది. స్టిక్ వదిలితే విమానం ఏ కోణంలో ఉంటే ఆ కోణంలో సాగుతుంది, దిగేటప్పుడు ఆఖరి రెండు మీటర్లలో ముక్కు ఎంత ఎత్తమంటే అంతే ఎత్తుతుంది. రెట్టింపు ధర పెట్టిన దాన్ని తీసేసి సగం ధర దానితో మెరుగైన ల్యాండింగులు రావడం ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. నైలాన్ పళ్ళు కొద్దిగా సాగి ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి, ఆ మెత్తదనమే ఇక్కడ పనికొచ్చింది.

నీలం సర్వోను ఇంత పొగిడాక చెప్పాల్సిన చిక్కులూ ఉన్నాయి. మొదటిది, అన్నీ ఒకటి కావు. ఒకే కవర్లోంచి తీసిన నాలుగింటిలో ఒకటి చీపురుపుల్ల పరీక్షలో తప్పడం మామూలే, అందుకే ఎలివేటర్‌కు కావాల్సింది ఒక్కటే అయినా నాలుగు కొని, పుల్ల కట్టి, మేలైనదాన్ని తోకకు వేస్తాం. రెండోది, పళ్ళు. చక్రాల మీద దింపేటప్పుడు రెక్క వంగి ఐలెరాన్ వరి కొయ్యకు తగిలితే నైలాన్ పళ్ళు అక్కడే రాలతాయి. మొదట పోయేది ఎక్కువసార్లు మధ్య గేరు మీది చిన్న పళ్ళు. గుర్తు: ఆర్మ్ తిరుగుతూ ఒకే చోట టక్కుమని ఎగురుతుంది. ఒక పన్ను పోయినా ఎగరేయొద్దు, పక్క పన్ను గాల్లో పోతుంది.

గేర్లు మార్చుకోవడం కష్టం కాదు. గేరు సెట్లు విడిగా దొరక్కపోతే మోటారు కాలిన ఇంకో నీలం సర్వో ఉంటే చాలు, దానివే పనికొస్తాయి, రెండూ ఒకే తయారీవైతే. పైమూత తీసే ముందు సర్వోను నిలువుగా పట్టుకోండి, అడ్డంగా పట్టుకుంటే గేర్లు కింద పడి వరస తెలియదు, మూత తీయగానే ఫోనుతో ఒక ఫొటో. పాత గ్రీజును, రాలిన పళ్ళ ముక్కలను పాత టూత్‌బ్రష్‌తో పూర్తిగా తీయాలి, ఒక్క ముక్క మిగిలినా కొత్త గేరు పోతుంది. చివరి గేరును పాట్ చదునుకు సరిపోయేలా చూసి కూర్చోబెట్టాలి, బలవంతంగా అదిమితే చదును చెడుతుంది. తెల్ల గ్రీజు అగ్గిపుల్ల కొసతో అంటినంతే, పళ్ళ మీద మాత్రమే. కుట్టుమిషన్ నూనె పోసేవాళ్ళున్నారు, అది రెండు రోజుల్లో పాట్‌లోకి దిగుతుంది. స్క్రూలు నాలుగూ మూలలకు మూలలు కొద్దికొద్దిగా బిగించాలి. ఒకదాన్ని ముందే బిగిస్తే మూత వంకరై గేర్లు బిగుసుకుని సర్వో వేడెక్కుతుంది.

మరి మెటల్ గేర్ ఎక్కడ వేయాలి? దెబ్బ తగిలే చోట, నడిమి ఖచ్చితంగా అక్కర్లేని చోట. మా లెక్కలో అది ముందు చక్రం. మడి గట్టు తగిలినా, బెడ్డ తగిలినా దెబ్బ నేరుగా చక్రం తీగ గుండా సర్వో పళ్ళకే వస్తుంది. నీలం సర్వో ఇక్కడ ఒక్క సాయంత్రం కూడా నమ్మకంగా నిలవదు. మెటల్ గేర్‌ది నిలుస్తుంది, రడ్డర్ ఒక డిగ్రీ అటూ ఇటూ ఉన్నా ఇలాంటి ట్రైనర్‌లో (ఎగరేయడం నేర్చుకునే విమానం) ఎవరికీ తెలియదు కూడా. అయినా దెబ్బ మాయం కాదు, తర్వాతి బలహీనమైన చోటికి పోతుందంతే. పళ్ళు విరగకపోతే మోటారు ఇరుసు మీద అదిమి బిగించిన చిన్న గేరు జారుతుంది, లేదా గేరు ఇరుసులు కూర్చునే ప్లాస్టిక్ గుంటలు కోలగా సాగుతాయి, లేదా సర్వోను బిగించే చెవులు విరుగుతాయి. అందుకే చక్రానికి పోయే పుష్‌రాడ్‌లో ఇంగ్లిష్ అక్షరం యూ లాంటి ఒక వంపు పెడితే దెబ్బలో సగం ఆ వంపే తీసుకుంటుంది. ఆర్మ్ మాత్రం సర్వోతో వచ్చిన తెల్ల ప్లాస్టిక్‌దే ఉంచండి, లోహపు ఆర్మ్ కొనకండి. ఆర్మ్ లోపలి గాళ్ళు పోతే అయిదు నిమిషాల పని, అవి పోకుండా నిలిస్తే పోయేది సర్వో. నీలం సర్వో ఆర్మ్‌లు మెటల్ గేర్ దానికి ఎక్కినట్టే ఎక్కి వదులుగా ఉండొచ్చు. ఏ సర్వోతో వచ్చిన ఆర్మ్ దానికే.

ఐలెరాన్ల దగ్గర ఇంకా తేలలేదు. రెండు సర్వోల తప్పులు ఒకదానికొకటి కొట్టేసుకునే రోజులుంటాయి, కలిసి ఒక వైపు లాగే రోజులుంటాయి. వానకాలం కోతల తర్వాత కొయ్యలు పచ్చిగా, తడిగా ఉంటాయి, ప్లాస్టిక్ సరిపోతుంది. యాసంగి కొయ్యలు ఎండి మొనదేలి ఉంటాయి, అప్పుడు ఐలెరాన్ల మీద మెటల్ గేరే మనశ్శాంతి. ఐలెరాన్ హార్న్‌ను రెక్క కింద కాకుండా పైన పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది, చూపుకు బాగుండదని చాలామంది పెట్టరు.

ఈమాక్స్‌ది ఎలివేటర్ మీద కూడా బాగా నడిచింది, చప్పుడు లేదు, ట్రిమ్ నిలిచింది. మూడింట్లో ఒక్కటే ఉంచుకోమంటే అదే ఉంచుకోవాలి. అయితే దాని ధరకు నీలం సర్వోలు కొన్ని వస్తాయి, పొలంలో దింపే ట్రైనర్‌కు నాలుగు చోట్లా అదే వేస్తే బాడీ ఖర్చు కన్నా సర్వోల ఖర్చే ఎక్కువవుతుంది. పైగా కొలత: సుమారు 23, 11.5, 24 మిల్లీమీటర్లు, అంటే నీలం సర్వో కన్నా ఎత్తు తక్కువ. పలచటి రెక్కలో ఇది వరమే, కానీ నీలం సర్వోకు కోసి పెట్టిన గుంటలో వేస్తే ఆర్మ్ లోతుకు దిగి పుష్‌రాడ్ ఫోమ్‌కు రాసుకుంటుంది, అడుగున ముక్క పెట్టి ఎత్తాలి. 12 గ్రాములు కనుక తోక చివర పెట్టే డిజైన్లలో ముక్కు వైపు బరువు కలపాల్సి రావొచ్చు. నీలం దానికీ దీనికీ తేడా మూడు గ్రాములే అనిపిస్తుంది గానీ, తోక పొడవు ముక్కు పొడవుకు రెట్టింపు ఉంటే ముందు ఆరు గ్రాములు కలపాలి.

ఎండ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మే నెలలో వచ్చే సెంటరింగ్ తప్పుల్లో కొన్ని అసలు సర్వోవి కావు. గ్లూ గన్‌తో అంటించిన సర్వో, కారు డిక్కీలో మూసి పెట్టిన విమానంలో, మెత్తబడిన జిగురులో జరుగుతుంది. సాయంత్రం చల్లబడ్డాక జిగురు ఆ జరిగిన చోటే మళ్ళీ గట్టిపడుతుంది, ట్రిమ్ మాత్రం మారిపోయి ఉంటుంది. నల్ల రంగు, ముదురు నీలం రెక్కలైతే ఎండలో నిలబెట్టినా చాలు. సర్వో చెవి పట్టుకుని కదిపి చూడండి, చిన్న కదలిక ఉన్నా ముందు అది సరిచేయండి. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కకు సర్వో గుంట కోసి, ఆ ముక్కను ఫోమ్‌కు ఎపాక్సీతో అంటించి, సర్వోను దానికి స్క్రూలతో బిగిస్తే ఎండకాలం దాటుతుంది. ప్లైవుడ్ బరువు వద్దనుకుంటే సర్వో చుట్టూ మాస్కింగ్ టేపు చుట్టి టేపు మీద ఎపాక్సీ పూయొచ్చు, తీయాల్సి వస్తే టేపు ఊడొస్తుంది. థర్మోకోల్ మీద మామూలు ఫెవిక్విక్ వద్దు, ఫోమ్‌ను తినేస్తుంది.

గుంయ్‌మనే సర్వోలు ఊరికే చప్పుడు చేయవు, కరెంటు తాగుతాయి. నిండు మూడు సెల్లుల లిపో 12.6 వోల్టులు. ఈఎస్‌సీ (విమానం మోటారు వేగం నడిపే బోర్డు) లోపలి లీనియర్ బీఈసీ దాన్ని 5కి దించాలంటే 7.6 వోల్టులు వేడిగా పారబోయాలి, సర్వోలన్నీ కలిసి ఒక ఆంపియర్ లాగితే అది 7.6 వాట్లు. జనవరిలో ఆ వేడి గాలికి పోతుంది. మే మధ్యాహ్నం, ఫోమ్ బాడీ లోపల గాలి ఆడని చోట, బీఈసీ వేడెక్కి ఆగిపోతే రిసీవర్ కూడా ఆగిపోతుంది. నాలుగూ మెటల్ గేర్‌వే వేస్తే విడిగా 5 వోల్టులు, 3 ఆంపియర్ల స్విచింగ్ యూబీఈసీ పెట్టి, ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే వైర్లలో ఎర్రదాన్ని పిన్ను లోంచి లాగి టేపు చుట్టేయాలి, రెండు బీఈసీలు ఒకే రిసీవర్‌కు కలపొద్దు. నీలం సర్వోలు మూడు, మెటల్ గేర్‌ది ఒకటి ఉన్న అమరికలో ఇప్పటిదాకా ఈఎస్‌సీ బీఈసీనే సరిపోతోంది. ముక్కు కింద గాలి పోవడానికి రెండు వేళ్ళ వెడల్పు కంత, తోక వైపు బయటికి పోవడానికి అంతకు పెద్దది, ఈ రెండూ ఉంటేనే సుమా.

కొనేటప్పుడు ఒక మాట. హన్మకొండలో గానీ, హైదరాబాద్ కోఠిలో గానీ ఈ సర్వోలు ఎక్కువగా అమ్ముడుపోయేది ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులకు, ఆర్డుయినో సరుకులో భాగంగా. అక్కడ 180 డిగ్రీలవీ, ఆగకుండా తిరిగే 360 డిగ్రీలవీ ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి, రెండూ నీలమే. ఆర్మ్ వేసి వేలితో చాలా మెల్లగా తిప్పి చూడండి, కొసన ఆగకుండా గుండ్రంగా తిరిగితే అది విమానానికి పనికిరాదు. మెల్లగా అని ఎందుకంటే నైలాన్ పళ్ళు మోటారును వెనక నుంచి తిప్పడానికి చేసినవి కావు, గట్టిగా తిప్పితే కొట్లోనే ఒక పన్ను పోతుంది. టెస్టర్ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. మెటల్ గేర్ అని రాసి లోపల ఒక గేరు ప్లాస్టిక్‌ది పెట్టేవీ ఉన్నాయి. బయటికి కనిపించే చివరి గేరు ఇత్తడిదైతే అన్నీ ఇత్తడివే అని అనుకోవద్దు. అయితే ఎలివేటర్ గోల తెలిశాక ఆ ఒక్క ప్లాస్టిక్ గేరు మీద నాకు పెద్దగా కోపం రావడం లేదు.

పుష్‌రాడ్‌కు సైకిల్ స్పోక్ వాడే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. తీగ గట్టిదే, కానీ సుమారు రెండు మిల్లీమీటర్ల లావు, 9 గ్రాముల సర్వో ఆర్మ్ రంధ్రం దానికి సగమే. రంధ్రం పెద్దది చేస్తే సర్వోలో తగ్గించుకున్న వదులంతా ఇక్కడ తిరిగొస్తుంది. ఒక మిల్లీమీటర్ పియానో వైరు వేసి, కొసను జెడ్ వంపు తిప్పి, మధ్యలో వంగకుండా ఖాళీ రీఫిల్ గొట్టం తొడిగి ఫోమ్‌కు మూడు నాలుగు చోట్ల అంటిస్తే చాలు. ఆర్మ్ వైపు లోపలి రంధ్రం, ఎలివేటర్ వైపు బయటి రంధ్రం, త్రో (పలక కదిలే మేర) తక్కువైతే ట్రాన్స్‌మిటర్‌లో పెంచుకోండి గానీ రంధ్రాలు మార్చొద్దు.

ఇదంతా 700 గ్రాముల ఫోమ్ ట్రైనర్‌కు, నెమ్మదిగా ఎగిరేదానికి. వేగంగా పోయే ఈడీఎఫ్ (గొట్టంలోని ఫ్యాన్‌తో నడిచే) జెట్టుకు, కిలో దాటిన విమానానికి ఎలివేటర్ మీద నీలం సర్వో వేయమని నేను చెప్పను, గాలి ఒత్తిడికి దాని టార్కు చాలదు. అక్కడ 17 గ్రాముల తరగతికి పోవాలి. డిజిటల్‌వి ఈ పోలికలో చేర్చలేదు. ఆర్‌సీ కారు స్టీరింగుకైతే ఈ సమీక్ష మొత్తం తిరగేసి చదువుకోండి, అక్కడ మెటల్ గేర్‌దే సరి.